మూడో రోజు నడక

బజారులో ఎవరైనా నన్ను చూసి నవ్వితే ఇదివరకు పాత శిష్యులనుకునేదాన్ని. యానాంలో ముప్పై ఏళ్ళ పైచిలుకు లెక్కలు చెప్పాను. ఈ ఊళ్ళో చాలామంది చెవులు నా వేళ్ళ మధ్య నలిగినవే. ఇప్పుడు అలా కాదు. ఇప్పుడు నవ్వేవాళ్ళ చూపు ముందు నా మొహం మీద వాలి, అక్కణ్ణుంచి తిన్నగా నా కుడి మోకాలి మీదికి దిగుతుంది. "మీరు వీడియోలో టీచరమ్మగారు కదండీ?" అంటారు. ఔనంటాను. "ఎంత చక్కగా నడిచేరండీ బాబూ!" అంటారు. ఏం చెప్పను, తలూపి ముందుకి కుంటుతాను.

ఆ నడక ఒక ఆసుపత్రి వరండాలో, గోడ దగ్గర్నుంచి కిటికీ దాకా నేను నడిచినది. ఆపరేషన్ అయిన మూడో రోజుది. అది నా ఒక్కదాని కాలితో పోయే సంగతైతే పళ్ళు కొరుక్కుని ఊరుకునేదాన్ని. కానీ ఆ నడక చూసే మా ఆడపడుచు తన మోకాలు తీసుకెళ్ళి అదే డాక్టరు చేతిలో పెట్టింది. ఆవిడ బతుకుతెరువంతా నేల మీద, కత్తిపీట ముందు కూర్చోవడంలో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

నల్లబల్ల ముందు నిలబడి నిలబడి నా మోకాళ్ళు ఎప్పుడో అరిగాయి. రిటైరయ్యాక డాబా ఎక్కడం మానేశాను. తరవాత గోదారి గట్టు మీద సాయంత్రం నడక మానేశాను. మా ఆయనకి ఫోను చూడటం తప్ప వేరే వ్యసనం లేదు. ఆ ఫోనులోనే ఆయనకి కాకినాడలో ఒక ఎముకల ఆసుపత్రి పేజీ తగిలింది. నీలం బట్టల్లో చేతులు కట్టుకుని నిలబడ్డ డాక్టరు. ఆయన వెనకాల సముద్రపొడ్డున సైకిళ్ళు తొక్కుతున్న తెల్లజుట్టు దొర, దొరసాని. 'మీ జీవితాన్ని మళ్ళీ జీవించండి' అని పెద్దపెద్ద అక్షరాలు. ఆ తెలుగు చూసినప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

ఆ పేజీలో వారానికో కొత్త మనిషి నడిచేవాడు. అమలాపురం ముసలాయన, తుని నుంచి వచ్చిన అమ్మమ్మ, పిఠాపురం పూజారి. అందరి వీడియోలకీ ఒకటే పేరు, 'మూడో రోజే నడక'. మా ఆయన వాటిని సీరియల్లా చూసేవారు. "చూడవే, నీకన్నా పెద్దావిడ" అని ఫోను నా ముక్కు దగ్గర పెట్టేవారు. మా ఊరి అగ్రహారంలో ఆ ఆసుపత్రివాళ్ళే ఉచిత మోకాళ్ళ శిబిరం పెడితే నాకన్నా ముందు ఆయన వెళ్ళి వరసలో నిలబడ్డారు.

డాక్టరు మంచివాడే. మోకాలు అరచేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించి, ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించాడు. ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేదు, నిజమే. ఆపరేషన్ తప్పదన్నాడు, అదీ నిజమే కావచ్చు. నేనాయన్ని మోసగాడు అనడం లేదు. ఆయన దగ్గర చేయించుకుని హాయిగా తిరుగుతున్నవాళ్ళు మా కనకాలపేటలోనే ఉన్నారు. మా వీధి చివర ఉండే లారీ డ్రైవరు పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం మా గుమ్మం ముందునుంచే టకటకా నడిచి వెళ్తాడు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి కదా.

మూడో రోజు పొద్దున్న నర్సమ్మ వచ్చి నా తల దువ్వింది. ఇంట్లోవాళ్ళే దువ్వని తల ఈవిడ దువ్వుతోందేమిటా అనుకున్నాను. మంచి చీర ఉంటే కట్టుకోమంది. ఇంకాసేపటికి ఒకమ్మాయి కర్రకి ఫోను తగిలించుకుని వచ్చింది. నడుములో పెట్టిన సన్నటి గొట్టంలోంచి నొప్పి తెలియకుండా మందు దిగుతూనే ఉంది. ఆ మందు ధర్మమా అని కాలు నాదో పొరుగింటావిడదో తెలియని స్థితి. ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి నా నడుముకి పట్టీ కట్టి, అది పట్టుకుని పక్కనే నడిచింది. ఫోనమ్మాయి ఆ పిల్లని "మీరు కొంచెం వెనక్కండీ" అంటూ వీడియోలో పడకుండా తప్పించింది. మనిషి కనపడదు, చెయ్యి మాత్రం నన్ను పట్టుకునే ఉంది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది ఫోనమ్మాయి. సగం జవాబుకి సున్నా వేసే మనిషిని నేను. పూర్తి జవాబే చెప్పాను. "ఇప్పుడు నొప్పి తెలియడం లేదమ్మా, మందు దిగుతోంది కదా. ఆ మందు ఆపాక ఎలా ఉంటుందో చూడాలి" అన్నాను. వీడియోలో 'నొప్పి తెలియడం లేదమ్మా' దగ్గర నా మాట తెగిపోతుంది. వీణ మోగుతుంది. డాక్టరు చేతులు కట్టుకుంటాడు.

మందు ఆపాక చూశాను. కాలు ఎండుకర్రలా బిగుసుకుపోయింది. ఎక్సర్‌సైజులు చెయ్యలేదేమో అంటారు, అందరూ అదే అంటారు. ఇంటికి మనిషి వచ్చి చేయిస్తే దిండు కొరుకుతూ చేశాను. అయినా సగానికి మించి మడత పడదు. ఆటో ఎక్కితే కాలు బయటికి చాచుకుని కూర్చోవాలి, ఎదురొచ్చే ప్రతి మోటారుసైకిలుకీ ఆటో కమ్మీ గట్టిగా పట్టుకుంటాను. మెట్టు దిగుతుంటే లోపల ఎవరో మేకు దింపినట్టుంటుంది. మళ్ళీ చూపించుకోడానికి వెళ్తే డాక్టరు కొత్త ఎక్స్‌రే పైకెత్తి "చాలా బాగుందమ్మా" అన్నాడు. "ఎక్స్‌రే బాగుంటే ఎక్స్‌రేనే నడవమనండి" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "కొంతమందికి ఇలా బిగుస్తుందమ్మా, ఓపిక పట్టాలి" అన్నాడు.

ఆ కొంతమంది ఎవరో, ఏ ఊరివాళ్ళో చూద్దామని ఇంటికొచ్చి ఆ పేజీ అంతా వెతికాను. ఒక్కరూ లేరు. ఉన్నవాళ్ళందరూ మూడో రోజు దగ్గరే ఆగిపోయారు. ఆరో నెల అనేది ఆ పేజీలో ఎవరికీ రాలేదు. అమలాపురం ముసలాయన ఇప్పుడెలా ఉన్నాడో, పిఠాపురం పూజారి గర్భగుడి గడప దాటగలుగుతున్నాడో లేదో ఎవరికీ పట్టదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా.

ఈలోగా నా నడక ఊళ్ళు తిరిగింది. తెలిసిన మనిషి కదా, ఒకరికొకరు పంపించుకున్నారు. నా పాత శిష్యులు గుంపులు గుంపులుగా 'మా టీచర్' అని రాసి పంచిపెట్టారు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళంతా మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నేను వచ్చినవాళ్ళకి వచ్చినట్టే నిజం చెప్పాను. "నాది బాగోలేదు. మడత పడదు. నొప్పి అలాగే ఉంది. వెళ్తే వెళ్ళండి గానీ అన్నీ అడిగి వెళ్ళండి" అన్నాను. వాళ్ళు వినేవారు, నవ్వేవారు, లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆసుపత్రి ఫోను నంబరు అడిగేవారు.

మొదట్లో నాకు అర్థం కాలేదు. ఒకరోజు ఎదురింటావిడ తన చెల్లెలితో అంటుంటే విన్నాను. "టీచరుగారికి దిష్టి భయం. బాగుందని పైకి చెప్పరు" అంటోంది. అప్పుడు తెలిసింది నా మాట ఎక్కడ పడిపోతోందో.

మా వైపు మంచి జరిగినవాడు మంచి జరిగిందని నోరారా చెప్పడు. చెరువులో రొయ్య బ్రహ్మాండంగా పట్టుబడి అయినవాణ్ణి అడగండి, "ఏం పట్టుబడండీ, మేతకి కూడా రాలేదు" అంటాడు. కొడుక్కి ఉద్యోగం వస్తే "ఏదో చిన్నదిలెండి". మనవడు బొద్దుగా ముద్దుగా ఉంటే "ఈ మధ్య చిక్కిపోయాడండీ". ఎవరి కన్ను ఎలాంటిదో తెలియదు కాబట్టి కలిగినదాన్ని కొంగు కింద దాచుకుంటాం. అవతలివాళ్ళకీ ఈ సంగతి తెలుసు, కాబట్టి బాగోలేదు అన్నమాటని తిరగేసి చదువుకుంటారు. ఇన్నేళ్ళూ నేనూ అలాగే చదువుకున్నాను. ఇప్పుడు నా వంతు వచ్చింది. నేను ఎంత గట్టిగా బాగోలేదంటే, నాకు అంత బాగుందని వాళ్ళ లెక్క. వీడియోలో మాట అలా కాదు. అది పరాయి ఊళ్ళో, పరాయి పిల్ల ముందు, దిష్టి సంగతి గుర్తులేక నోరు జారి చెప్పిన నిజం. ఎదురుగా కూర్చున్న నాకన్నా ఫోనులో ఉన్న నన్నే నమ్మారు. పైగా నాకు వంకలు పెట్టే మనిషినని ఊళ్ళో పేరుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా వెనక అనుకోవడం నాకు తెలియనిది కాదు.

మా ఆడపడుచు నాకన్నా చిన్నది. దరియాలతిప్పలో ఇచ్చారు. మొగుడు పోయాక యానాం చేపల బజారులో కూర్చుని, ఇద్దరు పిల్లల్ని ఒడ్డున పడేసింది. చేపలమ్మేవాళ్ళు బజారులో బోలెడుమంది. ఈవిడ గొప్పంతా కొయ్యడంలో ఉంది. ఒక మోకాలు పైకి మడిచి, పాదంతో పీట నొక్కిపెట్టి, కత్తి మీద చేపని అటూ ఇటూ ఆడిస్తే గుడ్డు చెదరదు, ముక్కంతా చేదెక్కించే చేదుకట్టు పగలదు. వానాకాలం పులసల రోజుల్లో వేరే చోట చేప కొన్నవాళ్ళు కూడా కొయ్యడానికి ఈవిడ దగ్గరికే పట్టుకొచ్చేవారు. గోడవారన ఆవిడ చోటు ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఆ మడిచి కూర్చున్న మోకాలే చివరికి అరిగింది.

ఒక మధ్యాహ్నం బజారు ముగించుకుని, చేతిలో నాకోసం నాలుగు గోదారి రొయ్యలతో వచ్చింది. వంటింటి గడప మీద కూర్చోబోయి "అమ్మా" అని మళ్ళీ లేచి స్టూలు లాక్కుంది.

"వదినా, నేనూ సేయించేసుకుంటాను. అన్నయ్యతో సెప్పి రోజు తీయించు" అంది.

"వద్దు. నాది బాగోలేదు."

పకపకా నవ్వింది. "ఊరుకో వదినా! నా దగ్గర కూడానా? నేను నీకు దిష్టెడతానా?"

"దిష్టీ లేదు, నీ బొందా లేదు. ఇటు చూడు, ఎంతవరకు మడుస్తున్నానో చూడు." మడిచి చూపించాను. నేను మూతి బిగించుకున్నాను గానీ అరవలేదు. పిల్లల ముందు మూలగకూడదని బడిలో అలవాటు చేసుకున్న మొహం, అది ఇప్పుడు కొత్తగా మారదు.

"అదేటి, బానే వంగుతుంది కదా."

"నీకు అర్థం కావడం లేదు. నాలా బిగుసుకోకపోయినా సరే, ఇది పెట్టించుకున్నాక కింద కూర్చోకూడదు. కత్తిపీట మర్చిపోవాల్సిందే. నువ్వేం పని చేసుకుని బతుకుతావు?"

"నువ్వు కుర్చీ మనిషివి వదినా, నీకు కూసోక్కర్లేదు. నాకు అలవాటున్న కాలు, అదే పడుద్ది మడత. ఆ పేజీలో రాసేరు కదా, ఎవరి పని ఆళ్ళు సేసుకోవచ్చని."

నేను వీడియో కింద రాసిన ముక్క చూపిద్దామనుకున్నాను. అంతకు కొన్నాళ్ళ ముందే రాశాను. 'ఈ వీడియోలో మనిషిని నేనే. ఇది మూడో రోజు, మత్తుమందు ఉంది. ఇప్పుడు మోకాలు మడత పడటం లేదు, మెట్లెక్కితే నొప్పి. నేల మీద కూర్చోవద్దన్నారు. ఇవన్నీ అడిగి తెలుసుకుని వెళ్ళండి' అని. నీ ఫోనులోనే చూసుకో అన్నాను. తీసింది. దణ్ణాలు, పువ్వులు, 'దేవుడిలాంటి డాక్టరు' ఉన్నాయి. నా ముక్క లేదు. నా ఫోనులో చూశాను, ఉంది. మళ్ళీ ఆవిడ దాంట్లో పైకీ కిందకీ జరిపాను, లేదు.

"నీ ఫోనులోనే రాసుకున్నట్టున్నావు వదినా" అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ వారమే మా ఆయన్ని వెంటబెట్టుకుని కాకినాడ వెళ్ళాను. డాక్టరు కోసం కాదు, ఆ పేజీ నడిపేవాళ్ళ కోసం. మూడో అంతస్తులో ఏసీ గది, గోడకి పెద్ద టీవీ, దాంట్లో ఎక్కే గీతలు, దిగే గీతలు. ముప్పై ఏళ్ళు దాటిన ఒకావిడ లేచి నిలబడి నాకు కుర్చీ వేసింది. మర్యాద తెలిసిన మనిషి. "మేడమ్, మిమ్మల్ని చూడటం చాలా సంతోషం. మా వీడియోల్లో అన్నిటికన్నా బాగా వెళ్ళింది మీదే" అంది.

"అది తీసెయ్యండి" అన్నాను.

ఎందుకో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. నా ముక్క ఎవరికీ ఎందుకు కనపడటం లేదంటే, అలాంటివి 'రివ్యూలో' పెడతారట. నేను రాసింది నాకు కనపడుతుంది, లోకానికి కనపడదు. చెరువు గట్టు మీద నిలబడి అరిచినా నీళ్ళకి వినిపించనట్టు.

"మేడమ్, భయపడుతున్న పేషెంట్లకి ఇలాంటివి ధైర్యం ఇస్తాయండి. అదే మా స్ట్రాటజీ" అంది.

"ధైర్యం ఇవ్వండి, కాదనను. దాని కిందే కింద కూర్చోకూడదని ఒక్క ముక్క పెట్టండి. కొంతమందికి బిగుస్తుందని మీ డాక్టరే అన్నాడు, అదీ పెట్టండి."

"అవన్నీ ఆపరేషన్ ముందు కౌన్సెలింగ్‌లో చెప్తామండి. పేజీలో పెడితే జనం ఆగరు మేడమ్, వేలితో తోసేసి వెళ్ళిపోతారు." పైగా నా 'రికవరీ ప్రయాణం' అని ఇంకో వీడియో తీద్దామంది. నేను ఎక్సర్‌సైజులు చేస్తున్నట్టు, రోజురోజుకీ మెరుగవుతున్నట్టు. "మెరుగవడం లేదు కదమ్మా" అన్నాను. "అవుతారు మేడమ్, పాజిటివ్‌గా ఉండండి" అంది.

నేను నోరు చేసుకున్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. లిఫ్టులో నన్నే కోప్పడ్డారు. ఆ ఆసుపత్రి వెతికిపెట్టింది ఆయన. నా మోకాలు బాగోలేదంటే తన ఎంపిక బాగోలేదన్నట్టు ఉంటుంది ఆయనకి. ఇంట్లో నేను మూలుగుతుంటే నూనె రాస్తారు, గడప దాటాక మాత్రం "నడుస్తోంది కదా" అంటారు. నాకు తెలిసింది తరవాత. మా ఆడపడుచు ఫోను చేసి "నిజం సెప్పన్నయ్యా, వదినకి బాగుందా లేదా" అని అడిగిందట. "మీ వదిన సంగతి తెలుసు కదే, పాయసంలో కూడా ఉప్పు వెతుకుతుంది" అన్నారట ఈయన. ఆ మాటకి నేను ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. ఎదురుగానే చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను.

మా ఆడపడుచు చేరింది. నేను మానుకోమన్నదాన్నే అయినా, ఆడమనిషి తోడు కావాలి కాబట్టి నేనే వెళ్ళి పక్కన పడుకున్నాను. ఆపరేషన్ ముందు కౌన్సెలింగ్ అనేది నిజంగానే జరిగింది. ఒకావిడ వచ్చి మందులు, కుట్లు, బరువులు, వెస్ట్రన్ బాత్రూము, కింద కూర్చోవడం, అన్నీ ఒకే ఊపిరిలో అప్పజెప్పింది. మా ఆడపడుచు ప్రతిదానికీ "ఆయ్, అలాగేనండి" అంది. అడ్డం పడి, "కత్తిపీట సంగతి అడుగు" అన్నాను. "ఇప్పుడెందుకు వదినా, సివరాకరికి అడుగుదాం" అంది.

మూడో రోజు పొద్దున్న నర్సమ్మ దువ్వెన పట్టుకుని వచ్చింది. నేను మంచం పక్కనుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాను. ఫోనమ్మాయి వచ్చింది. మా ఆడపడుచు బాగా నడిచింది, నాకన్నా బాగా నడిచింది. "ఎలా ఉందమ్మా?" అంటే, "అమ్మా, నేనెప్పుడు కత్తిపీట ముందు కూసోవచ్చు?" అని అడిగింది. "అది కాదమ్మా, నడక ఎలా ఉందో చెప్పండి." "నడక బాగుందమ్మా." చాలంది ఆ పిల్ల, ఫోను దింపేసింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు వచ్చి కాలు మడిచి చూశాడు. చక్కగా పడింది మడత. నాకు సంతోషమే వేసింది, నిజం. "ఫస్ట్ క్లాస్" అన్నాడు. "కింద మాత్రం కూర్చోవద్దమ్మా."

"అలాగే బాబుగారూ. ఎన్నాళ్ళండి?"

"ఎన్నాళ్ళని కాదమ్మా. ఇంక కూర్చోకూడదు. లోపల పెట్టింది పాడైపోతుంది."

"ఇంకెప్పుడూనాండి?" అంది ఆవిడ. ఆయన నర్సువైపు తిరిగాడు. "ముందే చెప్పారు కదా?"

"సెప్పేరండి," అంది మా ఆడపడుచు. "పథ్యం అనుకున్నానండి. పురిటి పథ్యంలాగా కొన్నాళ్ళనుకున్నాను."

ఆయన పాపం ఏమనగలడు. మంచి ఆపరేషన్ చేశాడు, ఇంకో గదిలో ఇంకో మోకాలు ఎదురుచూస్తోంది. నేనే ఆగలేక అన్నాను. "మీ బొమ్మలో సైకిలు తొక్కే దొరసానికి కత్తిపీట లేదండీ. మా వాళ్ళకి ఉంది. అదొక్కటి ఆ బొమ్మ పక్కన రాయడానికి మీకు చెయ్యి రాలేదా?" వార్డులో అందరూ నావైపు చూశారు. ఆయన "మా టీమ్‌కి చెప్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. చెప్పాడో లేదో, పేజీలో దొరసాని ఇంకా సైకిలు తొక్కుతూనే ఉంది.

మా ఆడపడుచు ఊరుకునే మనిషి కాదు. బల్ల వేయించుకుని, నిలబడి చాకుతో కొయ్యడానికి చూసింది. కత్తిపీట మీద చెయ్యి తిరిగినవాళ్ళకి చాకు పరాయిది. చేదుకట్టు పగిలింది, గుడ్డు చిందరవందరైంది, చేపలు తెచ్చినవాళ్ళు మొహమాటంగా చూశారు. పొద్దుటినుంచి నిలబడితే నడుం పట్టేసింది. ఒక్కసారి ఎవరూ చూడకుండా కింద కూర్చోబోయింది. కూతురు కేకలేసి లేవదీసింది. వానలు పడేసరికి గోడవారన ఆవిడ చోట్లో, ఆవిడ కత్తిపీట ముందు, ఎవరింటిదో ఒక కుర్రకోడలు కూర్చుంది. మా ఆడపడుచే చోటూ పీటా అప్పగించింది, ఇంకేం చేస్తుంది.

ఆ ఆసుపత్రివాళ్ళు బజారుకి కూడా వచ్చారు. చేపల గంపల మధ్యనుంచి ఆవిడ నడిచి వస్తుంటే వీడియో తీసుకున్నారు. 'మళ్ళీ తన పనిలోకి!' అని పైన రాశారు. ఆవిడ ఆ రోజు చేసిన పని నడవడమే. అది చూసి దరియాలతిప్పనుంచి ఇద్దరు వెళ్ళారని తెలిసింది.

పులసలు వచ్చాయని మా ఆయన నన్ను బజారుకి తీసుకెళ్ళారు. మా ఆడపడుచు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, దారిన పోయేవాళ్ళని పిలిచి ఆ కుర్రకోడలి దగ్గరికి పంపిస్తోంది. మోకాలు బాగుందా అన్నాను. "శుభ్రంగా ఉంది వదినా, నొప్పి లేదు" అంది. అబద్ధం కాదు, బస్టాండు నుంచి నడిచే వచ్చింది. మా ఆయన చేప బేరంలో పడ్డారు. ఆవిడ ఆయన అటు తిరిగేదాకా ఆగి, నా చీర కొంగు పట్టుకుని దగ్గరికి లాగింది.

"వదినా, ఒకటడుగుతాను. ఆ రోజు నువ్వు మీ ఇంటికాడ సెప్పింది నిజంగానే సెప్పేవా?"

"నిజంగానే చెప్పానే. ఎన్నిసార్లు చెప్పాను!"

"సెప్పేవు. అరిసేవు కూడాను." ఆవిడ గొంతు పెంచలేదు. "నీ అరుపు మాకలవాటే కదా. ఒక్క సుక్క కన్నీరెట్టుకుని ఉంటే నమ్మేద్దును వదినా. నువ్వెప్పుడూ ఏడవ్వు కదా, ఏడిస్తే నమ్మేద్దును."

గంపల మధ్య, నేను చెవులు మెలిపెట్టిన పిల్లలందరూ పెద్దవాళ్ళయి బేరాలాడుతున్న ఆ బజారులో, నాకు ఏడుపొచ్చేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మా ఆడపడుచు కొంగు వదిలేసింది. కాసేపు నన్ను చూసి, మొహం అటు తిప్పుకుంది.

"ఇప్పుడెందుకు వదినా" అంది.